సముద్రపు గుఱ్ఱమునకు నీటిశుద్ధి



సముద్రపు గుఱ్ఱమనఁగా గుఱ్ఱపుమొగము గల యొక చిన్న చేఁప. ఇందు మగదియే సంచిలో గ్రుడ్లను మోసి పిల్లలను గనును. మన దేశమున 2001వ సంవత్సరమున దీనిని వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలునఁ జేర్చి, పట్టుటను, అమ్ముటను నిషేధించిరి. కావున మనము పెంచరాదు. చట్టము సమ్మతించు విదేశములందు, తొట్లలోనే పుట్టినవానిని గొని యిండ్లఁ బెంచువారు కలరు. అచ్చట నున్న మీ బిడ్డ లెవరైన నిట్టి కోరిక తెలిపినచో, నీటిశుద్ధి యెట్లు చేయుదురని మొదట నడుగుఁడు. దాని ప్రాణము దానియందే యున్నది.

ఈ చేఁపకు దంతములు లేవు, జీర్ణకోశమును లేదు. తిన్నది త్వరగా వెడలిపోవును గనుక దినమునకు రెండు మూఁడు మాఱులు మేఁత వేయవలెను. మిగిలిన మేఁతయు, మలమును నీటఁ గ్రుళ్ళి అమోనియా యను విషమును బుట్టించును. చిల్లగింజ నరగఁదీసి కలిపిన బురదనీరు తేరును గాని, అందలి యుప్పు పోదు గదా! అట్లే తేటగాఁ గనఁబడు తొట్టినీటను విషము దాఁగియుండవచ్చును.

ఈ విషమును మార్చునవి సూక్ష్మజీవులు. కొన్ని అమోనియాను నైట్రైటుగను, మఱికొన్ని నైట్రైటును అంతగా హానిచేయని నైట్రేటుగను మార్చును. మన పొలములయందు ఎరువును పైరున కందించునవియు నిట్టివే. క్రొత్త తొట్టిలోఁ గొద్దికొద్దిగా అమోనియా చేర్చుచు, ఇవి నెలకొనుటకు నాలుగాఱు వారము లోపిక పట్టవలెను.

ఇఁక సాధనములు మూఁడు. మొదటిది స్పాంజి. గాలిబుడగలు నీటిని దానిగుండ మెల్లగా లాగును, సూక్ష్మజీవులందు కాపురముండును. రెండవది నురుగుయంత్రము. ఉప్పునీట సన్నని బుడగలను బుట్టించి, కరఁగిన మాలిన్యమును గ్రుళ్ళకమున్నే నురుగుతో బైటికిఁ దీయును. మూఁడవది తొట్టి వెలుపలి డబ్బాయంత్రము. ఇది బలమైనదే కాని, ఈఁతబలము చాలని దుర్బలప్రాణికి దాని ధార బాధాకరము. పీల్చుగొట్టమునకు స్పాంజి తొడుగనిచో తోఁక చిక్కుకొనును. కడుగక విడిచినచో నదియే మురికికూప మగును.

కావున చిన్నతొట్టికి స్పాంజియు, నురుగుయంత్రమును గూర్చుటయే మేలని నా యభిప్రాయము. అయినను నైట్రేటు మిగులును గనుక, వారమున కొకమాఱు పదవవంతు మొదలు ఐదవవంతు వఱకు నీరు తీసి, అంతే యుప్పదనము, అంతే వెచ్చదనము గల క్రొత్తనీరు పోయవలెను. స్పాంజిని కుళాయినీటఁ గడుగరాదు. అందలి క్లోరిను సూక్ష్మజీవులను జంపును. తొట్టినుండి తీసిన నీటనే పిండవలెను.

నీటిని పరీక్షించి అమోనియాయు, నైట్రైటును లేవని తేలిన పిమ్మటనే ప్రాణిని గొనుమని మీవారికిఁ జెప్పుఁడు.