వంతెనలపై లేను మార్పు నియమాలు

వంతెనలపై లేను మార్పు నియమాలు అనగా నది, ఏరు, గెడ్డ, కాలువ లేదా రైలు మార్గంపై నిర్మించిన వంతెన మీద ప్రయాణించే వాహనం ఒక వరుస నుండి మరొక వరుసకు ఎప్పుడు మారవచ్చునో, ఎప్పుడు మారరాదో తెలిపే రహదారి నిబంధనలు. భారతదేశంలో ఇవి ఒకే చోట, ఒకే పేరుతో లేవు. మోటారు వాహనాల చట్టం, దాని క్రింద వచ్చిన డ్రైవింగు నిబంధనలు, రోడ్డుపై గీసే గీతలు, రోడ్డు ప్రక్కన నిలిపే గుర్తులు కలసి ఈ నియమాలను ఏర్పరుస్తున్నవి. నదులు, గెడ్డలు అధికంగా ఉన్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో వీటిని తెలుసుకొనుట ప్రతి వాహనచోదకునకు, పాదచారికి అవసరము.

పదాల అర్థం

రోడ్డుపై వాహనాలు ఒకదాని వెనుక ఒకటి నడిచేందుకు గీతలతో విభజించిన పట్టీని లేను లేదా వరుస అంటారు. ముందున్న వాహనాన్ని దాటవలెనన్న ఉద్దేశం లేకపోయినా, ఒక వరుసను వీడి ప్రక్క వరుసలోనికి పోవుట లేను మార్పు. ముందు పోవుచున్న వాహనాన్ని దాటి దాని ముందుకు చేరుట ఓవర్‌టేకింగు. రెండు వరుసల రోడ్డుపై ఓవర్‌టేకింగు చేయాలంటే ఎదురు వాహనాలకు చెందిన వరుసలోనికి పోక తప్పదు. మధ్యలో డివైడరు గల రోడ్డుపై ఒకే దిశకు రెండు లేక మూడు వరుసలు ఉండుట వలన ఆ అవసరం ఉండదు. వంతెనలకు సంబంధించిన నియమాలలో ఈ తేడాయే కీలకము.

ప్రాంతీయ నేపథ్యం

చెన్నై – కోల్‌కతా జాతీయ రహదారి ఈ రెండు జిల్లాల గుండా పోవుచున్నది. పూర్వం జాతీయ రహదారి 5 అని పిలువబడిన దీనికి 2010లో జరిగిన పునఃసంఖ్యాకరణలో 16 అను సంఖ్య వచ్చినది. భోగాపురం నుండి ఇచ్ఛాపురం వరకు ఈ రహదారి నాతవలస సమీపంలో చంపావతిని, శ్రీకాకుళం వద్ద నాగావళిని, మడపాం వద్ద వంశధారను, సోంపేట ప్రాంతంలో మహేంద్రతనయను, చివరకు ఇచ్ఛాపురం వద్ద బాహుదాను దాటుతుంది. నాతవలస వద్ద చీలి విజయనగరం మీదుగా ఒడిషాకు పోయే జాతీయ రహదారి 26 (పూర్వపు 43) గజపతినగరం వద్ద చంపావతిని, సాలూరు వద్ద వేగావతిని దాటుతుంది. సాలూరు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. ఇవి గాక పల్లె రోడ్లపై గెడ్డల మీది చిన్న వంతెనలు, కల్వర్టులు, వాననీరు పైనుండి పొర్లే కాజ్‌వేలు అనేకం గలవు.

జాతీయ రహదారి 16ను తొలుత స్వర్ణ చతుర్భుజి పథకం క్రింద నాలుగు వరుసలుగాను, తరువాత నరసన్నపేట – రణస్థలం – ఆనందపురం భాగాన్ని ఆరు వరుసలుగాను విస్తరించారు. ఈ విధంగా విస్తరించే రహదారులలో పాత రెండు వరుసల వంతెనను అలాగే ఉంచి, దాని ప్రక్కన కొత్త వంతెనను కట్టుట సాధారణము. అందువలన ఒక దిశ వాహనాలు ఒక వంతెన మీద, మరొక దిశ వాహనాలు వేరొక వంతెన మీద పోతాయి. రెండు వంతెనల మధ్య ఖాళీ ఉంటుంది. రోడ్డు వంతెన వద్దకు వచ్చేసరికి కొద్దిగా ప్రక్కకు జరుగుతుంది. రాత్రివేళ ఈ మలుపును గమనించక అక్కడే వరుస మార్చుట మిక్కిలి ప్రమాదకరము.

వంతెన సాధారణ రోడ్డు వంటిది కాకపోవుటకు కారణాలు

* మార్జిను ఉండదు. మామూలు రోడ్డుపై పొరపాటు జరిగితే వాహనాన్ని ప్రక్కనున్న మట్టిలోనికి దింపవచ్చును. వంతెనపై వాహనమార్గం అంచునే పిట్టగోడ లేదా కమ్మీలు ఉంటాయి. తప్పించుకొనుటకు చోటుండదు.
* వెడల్పు తక్కువ. భారత రహదారుల కాంగ్రెసు ప్రమాణాల ప్రకారం ఒక వరుస వంతెనకు 4.25 మీటర్లు, రెండు వరుసల వంతెనకు 7.5 మీటర్లు కనీస వాహనమార్గపు వెడల్పు. లారీలు, బస్సుల వెడల్పు సుమారు రెండున్నర మీటర్లు. కావున రెండు పెద్ద వాహనాలు ఎదురైనపుడు మూడవదానికి, అది ద్విచక్ర వాహనమైనా సరే, స్థలం మిగలదు.
* ముందు దారి కనబడకపోవచ్చును. మధ్యలో ఎత్తుగా ఉండే పాత వంతెనలపైన, రైలు మార్గంపై కట్టిన ఎత్తైన వంతెనలపైన శిఖరానికి ఆవల ఏమున్నదో ఎక్కేవానికి తెలియదు.
* ప్రక్కగాలి ఎక్కువ. చెట్లు, ఇండ్లు లేనందున నదిపై గాలి నేరుగా తాకుతుంది. పెద్ద లారీ ప్రక్కన ఉన్నంతసేపు గాలి ఆగి, దానిని దాటగానే ఒక్కసారిగా కొట్టుట వలన ద్విచక్ర వాహనం ప్రక్కకు ఊగుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానులను చూసిన ఈ తీరంలో ఇది గుర్తుంచుకొనవలసిన విషయం.
* అతుకులు ఉంటాయి. ఎండకు వంతెన పలకలు వ్యాకోచించుటకు వీలుగా మధ్య మధ్య అతుకులు విడిచి ఉక్కు పట్టీలు, రబ్బరు అమర్చుతారు. వానలో తడిసిన ఉక్కు పట్టీపై ఏటవాలుగా పోయే చక్రం జారవచ్చును.
* వేగములు వేరువేరు. ఒకే వంతెనపై కంటెయినరు లారీ, టెక్కలి వైపు నుండి వచ్చే గ్రానైటు బండి, చెరకు ట్రాక్టరు, ఎడ్లబండి, సైకిలు, పశువులు, పాదచారులు ఉండుట ఇక్కడ సామాన్యము.

చట్టం ఏమి చెబుతున్నది

మోటారు వాహనాల చట్టం, 1988లోని 118వ సెక్షను ప్రకారం కేంద్ర ప్రభుత్వం డ్రైవింగు నిబంధనలను చేయును. మొదట 1989 నాటి రహదారి నియమాలు అమలులో ఉండెను. వాటి స్థానంలో 2017లో మోటారు వాహనాల (డ్రైవింగు) నిబంధనలు వచ్చినవి. రెండింటిలోను ప్రధాన సూత్రాలు ఇవి: వాహనం ఎడమ ప్రక్కగా నడవవలెను, గీతలతో వరుసలు ఏర్పరచిన చోట వరుసలోనే ఉండవలెను, తగిన సంకేతం ఇచ్చిన తరువాతనే వరుస మారవలెను, ఇతరులకు ప్రమాదం లేదా అసౌకర్యం కలిగేటట్లయితే, ముందు దారి స్పష్టంగా కనబడకపోతే, ఓవర్‌టేకింగు చేయరాదు. మధ్యలో ఎత్తుగా ఉండే వంతెన వద్ద వాహనాన్ని నిలుపరాదని 1989 నియమాలు పేరు పెట్టి చెప్పినవి.

ప్రతి వంతెన పైనా లేను మార్చుట నేరమని కొందరు భావిస్తారు. అది సరికాదు. డివైడరు గల వెడల్పైన వంతెనపై విడిగీతలు ఉన్నచోట, దారి కనబడుచున్నపుడు, సంకేతమిచ్చి వరుస మారవచ్చును. అఖండ గీత గాని, నిషేధ గుర్తు గాని ఉన్నచోట మారరాదు. ఇరుకు వంతెనపై ఓవర్‌టేకింగు నిషిద్ధమని డ్రైవింగు లైసెన్సుకు పూర్వం వ్రాసే ఎల్.ఎల్.ఆర్. పరీక్ష ప్రశ్నలలోనే ఉన్నది.

చట్టంలోని 115వ సెక్షను ప్రకారం, రోడ్డు లేదా వంతెన స్వభావాన్ని బట్టి అవసరమైనచో, వాహనాల రాకపోకలను ప్రభుత్వం నిషేధించవచ్చును లేదా పరిమితం చేయవచ్చును. 119వ సెక్షను ప్రకారం రోడ్డు గుర్తులను పాటించుట ప్రతి చోదకుని విధి. 2019 సవరణ తరువాత, డ్రైవింగు నిబంధనలను ఉల్లంఘిస్తే 177ఎ సెక్షను క్రింద రూ. 500 నుండి రూ. 1,000 వరకు జరిమానా ఉన్నది. నియమ విరుద్ధంగా ప్రమాదకరమైన రీతిలో ఓవర్‌టేకింగు చేయుట 184వ సెక్షను క్రింద ప్రమాదకర డ్రైవింగు అవుతుంది. దీనికి మొదటిసారి ఆరు నెలల నుండి ఒక సంవత్సరం వరకు జైలు, లేదా రూ. 1,000 నుండి రూ. 5,000 వరకు జరిమానా, లేదా రెండును విధించవచ్చును.

గీతలు, గుర్తులు

* విడివిడిగా ఉన్న తెల్లగీత: సురక్షితమైనపుడు దాటవచ్చును.
* తెగకుండా సాగిన గీత: దాటరాదు. వంతెనకు ముందే విడిగీత అఖండ గీతగా మారితే వరుస మార్పు అక్కడితో ముగియవలెనని అర్థం.
* జంట అఖండ గీతలు: ఏ దిశవారును దాటరాదు.
* ఒక ప్రక్క విడిగీత, మరొక ప్రక్క అఖండ గీత: విడిగీత తమ వైపు ఉన్నవారు మాత్రమే దాటవచ్చును.
* ఎర్రని అంచుగల త్రిభుజంలో రోడ్డు సన్నబడినట్లు చూపే బొమ్మ: ముందు ఇరుకు వంతెన ఉన్నదని హెచ్చరిక.
* ఎర్రని వలయంలో రెండు కార్ల బొమ్మ: ఓవర్‌టేకింగు నిషేధం.
* పిట్టగోడ మొదట పసుపు, నలుపు చారల పలక: అక్కడ గట్టి అడ్డంకి ఉన్నదని సూచన.

ఒక చిన్న లెక్క

రెండు వరుసల వంతెనపై గంటకు 60 కి.మీ. వేగంతో పోవుచున్న లారీని 80 కి.మీ. వేగంతో వచ్చే కారు దాటదలచినదనుకొందము. లారీ పొడవు 10 మీటర్లు, కారు పొడవు 4 మీటర్లు, దాటుటకు ముందు, దాటిన తరువాత విడువవలసిన ఎడం 18 మీటర్ల చొప్పున 36 మీటర్లు. అనగా కారు లారీ కంటె 50 మీటర్లు అధికంగా ప్రయాణించవలెను. వేగాల తేడా గంటకు 20 కి.మీ., అనగా సెకనుకు సుమారు 5.6 మీటర్లు. కావున దాటుటకు 9 సెకన్లు పట్టును. ఆ 9 సెకన్లలో కారు 200 మీటర్లు పోవును. అదే సమయంలో ఎదురుగా 60 కి.మీ. వేగంతో వచ్చే బస్సు 150 మీటర్లు వచ్చును. మొత్తం 350 మీటర్ల ఖాళీ దారి కావలెను. 18 మీటర్ల ఎడం 60 కి.మీ. వేగంలో సుమారు ఒక సెకను ప్రయాణమే. క్షేమమైన ఎడం కనీసం రెండు సెకన్లు, అనగా 33 మీటర్లు. కావున ఈ లెక్క కూడ తక్కువ అంచనాయే. 300 మీటర్ల వంతెనపై ఇట్టి ప్రయత్నం మధ్యలో విరమించుకొనుటకు ప్రక్కన చోటుండదు.

వరుస మారే పద్ధతి

1. వంతెన కనబడగానే ఏ వరుసలో పోవలెనో నిశ్చయించుకొని, వంతెన ఎక్కక ముందే ఆ వరుసలోనికి చేరవలెను. ఇది అన్నింటికంటె ముఖ్యమైన సూత్రం.
2. వంతెనపై మారక తప్పనపుడు ముందు అద్దాలలో వెనుక వాహనాలను చూడవలెను. అద్దంలో కనబడని భాగం ఉంటుంది కనుక భుజం మీదుగా ఒకసారి చూడవలెను.
3. ఇండికేటరు వేసి, వెనుకవారు గ్రహించుటకు కొన్ని సెకన్లు వ్యవధి ఇవ్వవలెను. ఇండికేటరు వేసినంత మాత్రాన మారే హక్కు రాదు.
4. ఒకసారి ఒక వరుస మాత్రమే, నెమ్మదిగా మారవలెను. అతుకుల మీద మారరాదు.
5. మారిన తరువాత ఇండికేటరును ఆపవలెను.

ఇండికేటరు లేని సైకిలు, ఎడ్లబండి వారికి 1989 నియమాలలోని చేతి సంకేతాలు నేటికీ ఉపయోగకరము. కుడివైపు మరలుటకు కుడిచేతిని అరచేయి ముందుకు ఉండునట్లు చాపుట, వేగం తగ్గించుటకు చాచిన చేతిని అరచేయి క్రిందికి ఉండునట్లు పైకి క్రిందికి ఆడించుట వీటిలో ముఖ్యమైనవి.

ఇరుకు వంతెనలు

ఒకే వాహనం పట్టే వంతెనపై వరుస మార్పు ప్రశ్న ఉండదు. ఎవరు ముందు అన్నదే ప్రశ్న. ఎదురుగా మరొక వాహనం వంతెన ఎక్కబోతుంటే, అది దాటి వచ్చేవరకు ఆగి తరువాత పోవలెనని ఎల్.ఎల్.ఆర్. పరీక్షలో సరియైన సమాధానం. ఎదురు వాహనం హెడ్‌లైట్లు మిటకరించుటను బ్రిటనులో సాధారణంగా “మీరు రండి” అని గ్రహిస్తారు. మన రోడ్లపై అది చాలవరకు “నేను వస్తున్నాను” అని అర్థం. ఈ తేడా తెలియక ఇద్దరూ ఒకేసారి ఎక్కితే వంతెన మధ్యలో ఎదురుపడతారు. ఆగినవాని వెనుక ఉన్నవారు ప్రక్క నుండి ముందుకు చొచ్చుకొని పోవుట మరింత తప్పు. ఎదురు వాహనం దిగుటకే దారి ఉండదు. కాజ్‌వేపై నీరు పారుతున్నపుడు వాహనం దింపరాదు.

వంతెన మోయగల బరువు

పాత వంతెనల వద్ద వృత్తాకార గుర్తులో బరువు పరిమితి టన్నులలో వ్రాస్తారు. 2023 మే నెలలో ఇచ్ఛాపురంలో బాహుదా నదిపై బ్రిటిషు కాలపు వంతెన, అధిక బరువుతో గ్రానైటు రాయిని మోసుకొని పోవుచున్న లారీ క్రింద కూలిపోయినది. వరుస మార్పుకును బరువుకును సంబంధం గలదు. బలహీనమైన వంతెనపై ఒక లారీ మరొక లారీ ప్రక్కకు వచ్చినపుడు ఒకే అంతరంపై రెండింటి బరువు పడుతుంది. అందుచేతనే ఇట్టి చోట్ల ఒకసారి ఒక భారీ వాహనమే పోవలెనని బోర్డులు పెడతారు.

వంతెనపై వాహనం ఆగిపోయినచో

వాహనం కదిలినంతవరకు వంతెన దాటించి ఆపుట మేలు. కదలనిచో నాలుగు ఇండికేటర్లు వెలిగించి, వెనుక తగిన దూరంలో ప్రతిఫలించే త్రిభుజం ఉంచి, ప్రయాణికులను కాలిబాట మీదుగా వంతెన వెలుపలికి పంపవలెను. వాహనానికి వెనుక నిలబడరాదు. చీకటిలో డివైడరు దూకరాదు. ఆవల రోడ్డు కాక రెండు వంతెనల మధ్య ఖాళీ ఉండవచ్చును. సహాయానికి జాతీయ రహదారులపై 1033, అంబులెన్సుకు 108, అత్యవసర సేవలకు 112 నంబర్లు ఉన్నవి. క్షతగాత్రులకు సద్బుద్ధితో సాయపడినవారికి చట్టంలోని 134ఎ సెక్షను రక్షణ కల్పిస్తున్నది.

ఇతర దేశాలలో

అమెరికాలో వాహనాలు కుడి ప్రక్కగా నడుస్తాయి. కాలిఫోర్నియా వాహన చట్టం ప్రకారం, వంతెన లేదా సొరంగం సమీపిస్తూ 100 అడుగుల లోపల ఉన్నపుడు ముందు చూపు అడ్డగించబడితే, రోడ్డు మధ్యభాగానికి ఎడమ ప్రక్కకు పోరాదు. అక్కడికి వెళ్ళే తెలుగువారు గమనింపవలసినది, దిశ మారినా సూత్రం మారదు: దారి కనబడని చోట ఎదుటివాని వరుసలోనికి పోరాదు.

ఇవి కూడా చూడండి

* జాతీయ రహదారి 16
* నాగావళి
* వంశధార
* బాహుదా నది
* మోటారు వాహనాల చట్టం, 1988