వేడి చేసినదని ఊరకుండరాదు

ఎండలు ముదిరినవనగా మన యిండ్లలో పిల్లలు మూత్రము మంటగా ఉన్నదనుట, పెద్దలు “వేడి చేసినది” అని బార్లీనీళ్ళో, సబ్జానీళ్ళో ఇచ్చుట పరిపాటి. ఇందు తప్పు లేదు. ఒంట నీరు తగ్గినపుడు మూత్రము చిక్కబడి మంట పుట్టించును. తగినంత నీరు త్రాగినచో అది శమించును. అయితే ప్రతి మంటయు వేడి వలననే కలుగదు.

పదమూడు, పదునాలుగేండ్ల బాలిక ఉదయము బడికి వెళ్ళి, సాయంకాలము ఇల్లు చేరువరకు మూత్రము బిగబట్టుకొనుట అరుదు కాదు. అచటి మరుగుదొడ్డి శుభ్రముగా లేకపోవుటయో, అడుగుటకు సిగ్గో కారణము. పోవలసి వచ్చునను భయముతో ఆమె నీరు కూడ త్రాగదు. స్త్రీలలో మూత్రాశయమునుండి వెలుపలికి వచ్చు మార్గము సుమారు 4 సెంటీమీటర్లు మాత్రమే. ప్రేగులలో ఉండు సూక్ష్మజీవులు ఆ కొద్ది దూరమును దాటి లోపలికి చేరగలవు. వేళకు మూత్రము విడిచినచో అవి చాలవరకు కొట్టుకొనిపోవును; బిగబట్టినచో అచటనే వృద్ధి పొందును. మాటిమాటికి పోవలెననిపించుట, మంట, పొత్తికడుపు నొప్పి దీని చిహ్నములు. వీనికి చలిజ్వరము, వీపు ప్రక్కను నొప్పి తోడైనచో వ్యాధి మూత్రపిండములకు ప్రాకినదేమోయని శంకింపవలెను. అప్పుడు బార్లీనీళ్ళతో కాలము గడపరాదు. మూత్రపరీక్ష చేయించి, వైద్యుడు వ్రాసిన మందును మంట తగ్గినను చెప్పినన్ని దినములు వాడవలెను.

బాలురకు సంబంధించిన ఆపద వేరొకటి కలదు. ముఖ్యముగా 12 మొదలు 18 ఏండ్ల ప్రాయమున ఒక్కొక్కప్పుడు వృషణము మెలితిరిగి, దానికి రక్తము అందకుండ పోవును. హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, తరచుగా వాంతియు కలుగును. సిగ్గుపడు పిల్లవాడు కడుపునొప్పియని మాత్రమే చెప్పవచ్చును. సుమారు 6 గంటలలోపల శస్త్రచికిత్స జరిగినచో వృషణము దక్కు అవకాశము మెండు. తెల్లవారిన పిదప చూతమని ఆగినచో దానిని కోల్పోవలసి రావచ్చును. కావున అర్ధరాత్రమైనను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఈ రెండింటను వ్యాధికి తోడ్పడునది మౌనమే. ఈ ప్రాయపు పిల్లలు తమంత తాము చెప్పరు, మనమే అడుగవలెను. “బళ్ళో మరుగుదొడ్డి బాగుందా అమ్మా?” అని తల్లి, “నొప్పి సరిగ్గా ఎక్కడ నాయనా?” అని తండ్రి మెల్లగా అడిగిన ఆ ఒక్క మాటయే సకాలమున వైద్యుని చెంతకు చేర్చును.