జడవలె అల్లిన స్పీకరు తీగలు

పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతములోని ఒక ఉన్నత పాఠశాలలో సభామందిరమునకు స్పీకరు అమర్చవలసి వచ్చినదనుకొనుడు. ఆంప్లిఫైయరునకు, స్పీకరునకు నడుమ దూరము 10 మీటర్లు. దుకాణములో రెండు రకముల తీగలు చూపుదురు. ఒకటి సామాన్యమైన జంటతీగ. రెండవది అనేక పాయలను జడవలె అల్లినది. దాని వెల చాల ఎక్కువ. ఈ అల్లిక ఎందుకు? అంత వెల పెట్టుట అవసరమా?

తీగలో విద్యుత్తు ప్రవహించునపుడు దానిచుట్టు అయస్కాంత క్షేత్రము ఏర్పడును. ప్రవాహము మారినపుడు క్షేత్రము కూడ మారి, ఆ మార్పును ఎదిరించును. ఈ గుణమే ప్రేరకత్వము. పౌనఃపున్యము పెరిగినకొలది ఎదిరింపు పెరుగును. కావున కీచుస్వరములకు ఆటంకమెక్కువ. పోవు తీగను, వచ్చు తీగను పెనవేసినచో వాటి క్షేత్రములు చాలవరకు ఒకదానినొకటి రద్దుచేసికొనును. సమీపమందలి మోటార్ల అలజడియు తగ్గును. 1881లో గ్రాహం బెల్ టెలిఫోను తీగలను మెలిపెట్టు పద్ధతికి పేటెంటు పొందెను.

రెండవ కారణము ఉపరితల ప్రభావము. పౌనఃపున్యము హెచ్చినపుడు ప్రవాహము తీగ పైభాగమునకు చేరును. 20,000 హెర్ట్జుల వద్ద రాగిలో 0.47 మి.మీ. లోతున ప్రవాహసాంద్రత 37 శాతమునకు తగ్గును. జడలో ప్రతిపాయ ఒకమారు లోపలికి, ఒకమారు వెలుపలికి వచ్చును గనుక అన్ని పాయలు ప్రవాహమును సమముగా పంచుకొనును. అయితే పాయలకు విడివిడిగా ఎనామెల్ పూత ఉండవలెను. లేనిచో విద్యుత్తు ఒక పాయనుండి మరియొక పాయకు దాటి, అల్లిక ప్రయోజనము చాలవరకు పోవును.

ఇక లెక్క చూడుడు. 1.5 చదరపు మి.మీ. మందముగల సామాన్య జంటతీగలో రాకపోకలకు 20 మీటర్ల రాగి పట్టును. దాని నిరోధము సుమారు 0.23 ఓమ్. ప్రేరకత్వము 6 మైక్రోహెన్రీలైనచో, 20,000 హెర్ట్జుల వద్ద దాని ఎదిరింపు 0.75 ఓమ్. స్పీకరు 8 ఓమ్‌లదైనచో మొత్తము నిరోధము 8.23. ప్రేరకపు ఎదిరింపును దీనికి నేరుగా కూడరాదు. రెండింటి వర్గములను కూడి వర్గమూలము తీయవలెను. ఫలితము 8.26. అనగా తేడా వెయ్యింట నాలుగు పాళ్లు మాత్రమే! ఇంత స్వల్పభేదమును చెవి పసిగట్టజాలదు.

అల్లికలో ఒక చిక్కు కూడ కలదు. తీగలు దగ్గరైనకొలది విద్యుద్ధారిత పెరుగును. కొన్ని ఆంప్లిఫైయర్లు దానిని సహింపక అస్థిరములగును.

కావున జడ అల్లిక శాస్త్రసమ్మతమే గాని, పాఠశాల మందిరమునకు అనవసరము. దూరము పెరిగినచో మందమైన రాగితీగ తీసికొనుటయే మేలు. మిగిలిన సొమ్ముతో ప్రయోగశాలకు మల్టీమీటరు కొనవచ్చును.