ఆర్టీమియా గుడ్లు పగలడం లేదా? డబ్బా పారేసే ముందు...

మన క్యాంపుల్లో చేపల తొట్టి ఉన్న గదులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కానీ ఉన్నచోట మాత్రం దాని ముందు కూర్చునే జనానికి కొదవ లేదు. డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పకముందే తొట్టి దగ్గర ఓ నిమిషం నిలబడేవాళ్ళని మేం రోజూ చూస్తున్నాం. మా గదిలో ఉన్న తొట్టి నిజానికి మాది కాదు. మా రూమ్మేట్ ఎలక్ట్రీషియన్ తమ్ముడిది. క్యాంపు బాస్‌ని నెల రోజులు బతిమాలి పెట్టుకున్నాడు. మొన్నటి ఆగస్టులో వాళ్ళ నాన్నగారు పోయారని ఫోన్ వస్తే ఎమర్జెన్సీ లీవు మీద జగిత్యాల వెళ్ళాడు. సరిగ్గా ముందురోజే ఫైటర్ చేపల జత గుడ్లు పెట్టింది. అంత దుఃఖంలోనూ బ్యాగు భుజాన వేసుకుని తొట్టి వైపు చూసి, "అన్నా, జర చూస్కోండ్రి. నేనొచ్చేదాకా బతికుంచుండ్రి" అన్నాడు. సరేనన్నాం. ఆ పరిస్థితిలో కాదని ఎవరంటారు?

మేం ముగ్గురం గుమాస్తాలం. ఒకరం టైమ్ ఆఫీసు, ఒకరం స్టోరు, ఒకరం క్యాంపు ఆఫీసు. ఇంటర్‌తో చదువు ఆపి వచ్చినవాళ్ళం. టైమ్ షీట్లు, ఇఖామా రెన్యువల్ కాగితాలు అయితే కళ్ళు మూసుకుని చేస్తాం. చేపపిల్లల్ని పెంచడం మాత్రం మా పూర్వీకుల్లో కూడా ఎవరూ చేసినట్టు లేదు.

ఫైటర్ సంగతి కాస్త చెప్పాలి. మగ చేప నీటి పైన నురగతో గూడు కట్టి గుడ్లకి కాపలా కాస్తుంది. రెండు రోజుల్లో గుడ్లు పగిలి పిల్లలొస్తాయి. అవి ఇంకో రెండు మూడు రోజులు గూటికి వేలాడుతూ, పొట్టలో ఉన్న పచ్చసొన మీద బతుకుతాయి. అది అయిపోయాక ఈదడం మొదలుపెడతాయి, ఆ రోజు నుంచే తిండి కావాలి. పెద్ద చేపలకి వేసే గుళికలు వాటి నోట పట్టవు. పైగా కదిలేదాన్నే తింటాయి. అందుకే తమ్ముడు ఆర్టీమియా గుడ్ల సీసా ఒకటి చేతిలో పెట్టి వెళ్ళాడు. "ఉప్పునీళ్ళల్ల ఏసి గాలి పెట్టుండ్రి, ఒక్క దినంల పిల్లలైతయ్" అన్నాడు.

ఒక్క దినం గడిచింది. ఒకటిన్నర గడిచింది. సీసా అడుగున కాఫీపొడి మడ్డిలా పేరుకుందే తప్ప ఒక్క పిల్ల లేదు. పారబోసి మళ్ళీ వేశాం, ఈసారి గుడ్లు ఎక్కువ వేశాం. మళ్ళీ అదే మడ్డి, దానికి తోడు వాసన. తొట్టిలో చూస్తే పిల్లలు అప్పుడే అటూ ఇటూ ఈదుతున్నాయి. ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొనని గుడ్డలో కట్టి, నీళ్ళలో పిండి, చుక్క చుక్కగా వేశాం. కొన్ని తిన్నాయి. మిగిలిన సొన కుళ్ళి నీళ్ళు తెల్లబడ్డాయి. పొద్దున్నకి పది పన్నెండు పిల్లలు అడుగున పడి ఉన్నాయి.

ఇంకేముంది, గుడ్లు నకిలీవని తేల్చేశాం. బలద్‌లో కొన్న షాపుకి వెళ్ళి గొడవపెట్టుకుందామని బయల్దేరుతున్నాం కూడా. ప్లేట్లు కడిగే చోట ఈ మాటలు విని పక్క బ్లాకు స్కాఫోల్డర్ అన్న ఆగాడు. ఉప్పాడ పక్క ఊరాయన. "షాపోడి మీదకెళ్ళే ముందు ఆ సీసా ఓసారి నాకు చూపించండి" అన్నాడు. కాకినాడ తీరంలో రొయ్యల హేచరీలో తొమ్మిదేళ్ళు చేశాడట, అదీ ఆర్టీమియా సెక్షన్‌లోనే! నాలుగేళ్ళుగా ఆయన టైమ్ షీట్ మేమే రాస్తున్నాం. అందులో 'స్కాఫోల్డర్' అన్న ఒక్క ముక్కే ఉంటుంది మరి.

ఎక్కడి గుడ్లు, ఎక్కడి హేచరీ

ఆర్టీమియా అంటే మామూలు సముద్రం కన్నా ఉప్పెక్కువ ఉన్న సరస్సుల్లో, ఉప్పు మడుల్లో బతికే చిన్న జీవి. మన దేశంలో తూత్తుకుడి ఉప్పు మడుల్లోనూ కనిపిస్తుంది. పరిస్థితులు బాగాలేనప్పుడు గట్టి పెంకున్న గుడ్లు పెడుతుంది. అవి ఎండిపోయి కూడా ఏళ్ళ తరబడి ప్రాణంతో ఉంటాయి. అప్పుడే పుట్టిన ఆర్టీమియా చేపపిల్లలకి మంచి మేత అని 1933లో అమెరికాలో సీల్, 1939లో నార్వేలో రోలెఫ్సన్ గమనించారు. ఆ తర్వాత ప్రపంచంలోని రొయ్యల హేచరీలన్నీ దీన్నే పట్టుకున్నాయి. అమెరికాలోని ఉటా రాష్ట్రంలో గ్రేట్ సాల్ట్ లేక్ అనే ఉప్పు సరస్సు ఉంది. అక్కడ నీటి మీద తేలే గుడ్లని ఎత్తి, ఆరబెట్టి, డబ్బాల్లో పెట్టి పంపుతారు. భీమిలి నుంచి నెల్లూరు దాకా మన తీరంలో రొయ్య సీడు తయారుచేసే హేచరీల్లో ఈ డబ్బాలు లేనిదే పని జరగదు.

1990ల మధ్యలో తెల్లమచ్చ రోగం టైగర్ రొయ్యని దెబ్బకొట్టింది. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక పెట్టుబడి ఉన్న పెద్ద హేచరీలే నిలిచాయి. అన్న చేసిన చిన్న హేచరీ మూతపడింది. ఆయన పైపులు ఎత్తడానికి జుబైల్ వచ్చాడు.

గుడ్లది కాదు, మనదే తప్పు

అన్న ముందు గుడ్లని చూడలేదు. మా సీసాలో వేలు పెట్టి చూశాడు. "ఐస్ నీళ్ళండీ ఇవి" అన్నాడు. తొట్టిలోని థర్మామీటర్ తీసి ముంచితే 20 డిగ్రీలు. ఆగస్టులో బయట ఎండ మాడుస్తుంటే మనం గదిలో ఏసీని 18లో పెట్టి దుప్పటి కప్పుకుంటాం కదా! ఆర్టీమియాకి 25 నుంచి 28 డిగ్రీలు కావాలి. 20లో అయితే రెండు రోజులు దాటినా పడుతుంది, అదీ కొన్ని వచ్చి కొన్ని రావు. అలాగని వరండాలో పెడితే ఇంకా ప్రమాదం. 33 దాటితే గుడ్డు లోపల పనే ఆగిపోతుంది. జుబైల్ వేసవిలో గుమ్మం లోపల ఒక తప్పు, గుమ్మం బయట ఇంకో తప్పు!

కొందరు అట్టపెట్టెలో బల్బు పెట్టి అందులో సీసా ఉంచుతారు. క్యాంపులో ఆ పని చేయకండి. సేఫ్టీ వాళ్ళ సంగతి పక్కన పెట్టినా, అందరూ నిద్రపోయే గదిలో అట్టకి నిప్పంటుకుంటే ఏమిటి గతి? అన్న చెప్పిన పద్ధతి వేరు. బకెట్‌లో నీళ్ళు పోసి, తొట్టిలో వాడే చిన్న హీటర్ 28కి పెట్టి, ఆ నీళ్ళలో సీసాని నిలబెట్టాలి. చలికాలంలోనూ ఇదే పద్ధతి.

రెండోది నీళ్ళు. మేం స్వీట్ వాటర్‌లో ఉప్పు కలిపాం. అది తప్పు కాదు, కానీ చాలదు. జుబైల్‌లో సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసి ఊరికి, పైపుల్లో రియాద్ దాకా కూడా పంపుతారని మనకి తెలిసిందే. ఉప్పుతో పాటు నీటి పీహెచ్‌ని నిలబెట్టే కార్బనేట్లూ చాలావరకు పోతాయి. తర్వాత కొంత కలిపినా సముద్రపు నీటితో సమానం కాదు. ఆర్టీమియాకి పీహెచ్ 8కి పైన ఉండాలి. మందు బకాలాలోనే దొరుకుతుంది, వంటసోడా. లీటరుకి పావు చెంచా. ఉప్పు లీటరుకి 25 గ్రాములు, అంటే మెత్తటి ఉప్పు అయితే టీ చెంచాతో గీసినట్టు దాదాపు ఐదు. నల్లా నీళ్ళయితే క్లోరిన్ పోవడానికి ముందురోజే పట్టి మూత లేకుండా ఉంచండి. ఫనాతీర్ బీచ్ నుంచి సముద్రపు నీళ్ళు తెస్తామంటారా? ఈ గల్ఫ్ నీళ్ళు మన కాకినాడ సముద్రం కంటే ఉప్పెక్కువ. రెండు గ్లాసులకి ఒక గ్లాసు మంచినీళ్ళు కలపాల్సిందే.

మూడోది మా దురాశ. మొదటిసారి రాలేదని రెండోసారి మూడు చెంచాలు గుమ్మరించాం. లీటరుకి 2 గ్రాములు మించకూడదట, అర చెంచా చాలు. ఒక్క గ్రాములో రెండు లక్షలకి పైగా గుడ్లుంటాయి. అన్నింటికీ గాలి ఎక్కడ అందుతుంది? గుడ్డు పగిలినప్పుడు పిల్ల వెంటనే విడిపోదు. పెంకు కింద పల్చటి పొరలో, గొడుగుకి వేలాడినట్టు కాసేపు ఉంటుంది. ఫోన్ కెమెరా ముందు భూతద్దం పెట్టి చూస్తే కనబడుతుంది. గొడుగు దాకా వచ్చి చచ్చిపోయాయంటే ముందు గాలిని అనుమానించాలి. అసలు పగలనే లేదంటే వేడిని, పీహెచ్‌ని చూడాలి. అవి రెండూ సరిగ్గా ఉంటేనే గుడ్ల మీద నింద వేయాలి.

ఆ నింద కూడా చాలాసార్లు మనదే అవుతుంది. తమ్ముడు సీసాని ఫ్రిజ్‌లో పెట్టాడు, మంచిదే. మేం చల్లటి సీసాని బయటికి తీసిన వెంటనే మూత తెరిచేవాళ్ళం. ఆగస్టులో జుబైల్ గాలి ఎలా ఉంటుందో మీకు తెలుసు, కళ్ళద్దాలు కూడా మసకబారతాయి. అదే చెమ్మ సీసాలో గుడ్ల మీద పడుతుంది. కొంచెం తడిసి, మళ్ళీ ఎండి, మళ్ళీ తడిసి గుడ్డు చస్తుంది. గుడ్లు ఉండకడితే అదే గుర్తు. డబ్బా కొన్నరోజే చిన్న చిన్న సీసాల్లోకి సర్ది, ఒక్కొక్కటే బయటికి తీసి, గది వేడికి వచ్చాకే మూత తెరవాలి. మా సీసాలో పై పొర ఉండకట్టింది. అన్న దాన్ని తీసేసి కింద నుంచి తీసుకున్నాడు.

ఆ రాత్రి

ఒకటిన్నర లీటర్ల పెప్సీ సీసా అడుగు కోసి, మూత బిగించి, తలకిందులుగా బకెట్‌లో నిలబెట్టాం. హేచరీలో ట్యాంకులు కూడా ఇలాగే గరాటు ఆకారంలో ఉంటాయట, మూలల్లో గుడ్లు పేరుకోకుండా. ఎయిర్ పంపు పైపు సీసా అడుగు దాకా దించాం. చివర రాయి పెట్టొద్దన్నాడు అన్న. సన్నటి బుడగలైతే గుడ్లు నురగతో పైకి వచ్చి గోడకి అతుక్కుంటాయి. పెద్ద బుడగలే మేలు. ట్యూబ్‌లైట్ దగ్గరగా ఉండేట్టు చూశాం, మొదటి కొన్ని గంటలు వెలుగు కావాలి. పంపు నీటిమట్టానికి పైన ఉండాలి, లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్ళు వెనక్కి వస్తాయి.

అన్నింటికన్నా పెద్ద సమస్య పంపు రొద. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి పడుకునే ఇద్దరు కేకలేశారు. పంపు కింద టవల్ మడిచి పెడితే సగం తగ్గింది. మిగతా సగం, నాన్నగారు పోయిన తమ్ముడి చేపలని తెలిశాక వాళ్ళే ఓర్చుకున్నారు.

మర్నాడు సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి సీసా నిండా నారింజ రంగు పొగ కదులుతోంది! అన్న పంపు ఆపి, సీసా కింది భాగంలో టార్చి వెలుగు పెట్టాడు. పెంకులు పైకి తేలాయి, పిల్లలు వెలుగు దగ్గరకి చేరాయి. పది నిమిషాలు మించి గాలి ఆపకూడదు, ఊపిరాడక చస్తాయి. సన్నటి పైపుతో ఆ నారింజ గుంపుని మాత్రం లాగి, చేతిరుమాలులో వడకట్టి, మంచినీళ్ళతో కడిగి తొట్టిలో వేశాం. ఫైటర్ పిల్లలు ఒక్కొక్కటీ వంకర తిరిగి, చటుక్కున పట్టుకోవడం మొదలుపెట్టాయి. ఐదు నిమిషాల్లో వాటి పొట్టలు నారింజ రంగుకి తిరిగాయి. అన్న బయటికి వెళ్ళి సిగరెట్ కాల్చుకొచ్చాడు, మాట్లాడలేదు.

మర్నాడు ఆయన లేనప్పుడు మేమే తీశాం. తొందరలో పెంకులు కూడా కలిసిపోయాయి. పెంకు అరగదు, చిన్న పిల్లల పేగుకి అడ్డం పడుతుంది. అలా ఇంకో ఆరు పోయాయి. ఇంకో మాట. ఆర్టీమియాని పుట్టిన కొన్ని గంటల్లోనే వేసేయాలి. అవి తమ పచ్చసొనే తింటూ బతుకుతాయి కాబట్టి ఆలస్యం అయ్యేకొద్దీ వాటిలో బలం తగ్గిపోతుంది. అందుకే ఒకే సీసా కాకుండా, రోజు విడిచి రోజు రెండు సీసాలు వేసుకోవడం మేలు.

తమ్ముడు నలభై రోజులకి గుండుతో తిరిగొచ్చాడు. తొట్టి దగ్గర కూర్చుని లెక్కపెట్టుకున్నాడు, ముప్ఫై ఒకటి. స్కాఫోల్డర్ అన్న గది ఎక్కడని అడిగి, ఊరి నుంచి తెచ్చిన సకినాల డబ్బా పట్టుకుని వెళ్ళాడు. ఇప్పుడు శుక్రవారాల్లో వాళ్ళిద్దరూ కలిసి ఇంకో తొట్టి కట్టే పనిలో ఉన్నారు, సిలికాన్ గన్ మాత్రం మా స్టోరు నుంచి ఇవ్వలేదని మనవి.

పిల్లలు పెరిగాక మగవి ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. అన్నింటికీ విడివిడి సీసాలు మా దగ్గర లేవు. మా క్యాంపులో ఎవరికైనా కావాలంటే శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, వెడల్పు మూతి ఉన్న సీసా ఒకటి కడిగి తెచ్చుకోండి. సబ్బుతో మాత్రం కడగొద్దు.