తొక్కినకొలది పలికిన యంత్రము

1928 మే మాసమున, ఆస్ట్రేలియాలోని క్లోన్‌కరీ పట్టణమునుండి వైద్యుని విమానముపై రోగి చెంతకు గొనిపోవు సేవ ఆరంభమయ్యెను. కాని విశాలమైన ఆ పచ్చిక బీళ్లలో ఒంటిగా నిలిచిన పశుపాలకుల గృహములనుండి, జబ్బు చేసినదన్న కబురు పట్టణమునకు చేరుటెట్లు? విమానము గడియలలో పోగలదు. కబురో గుఱ్ఱమెక్కి రావలెను. ఆ సేవకు మూలపురుషుడగు జాన్ ఫ్లిన్ అను మతగురువు ఈ కొఱతను ముందే గుర్తించి, అడిలైడ్ వాసియైన ఆల్ఫ్రెడ్ ట్రేగర్ అను విద్యుద్యంత్ర నిపుణుని తోడు చేసికొని, 1926లోనే ఆలిస్ స్ప్రింగ్స్ ప్రాంతమున బ్యాటరీలతో వైర్‌లెస్ ప్రయోగములు సాగించెను. వార్తలు పోయినవి గాని, ఆ బ్యాటరీల బరువును వెలయును సామాన్య గృహస్థుడు భరింపదగినవి కావు.

పిమ్మట చేతితో త్రిప్పు జనరేటరును పరీక్షించిరి. త్రిప్పుటకొకరు, చుక్కలు గీతలుగా వార్త పంపు మోర్స్ మీట నొక్కుట కొకరు కావలసివచ్చెను. భర్త మందవెంట పోగా ఇంట ఒంటరిగా మిగిలిన ఇల్లాలికి ఆ రెండవ మనిషి యెవ్వరు? అందుచే ట్రేగర్ చేతులను విడిచి కాళ్లను ఆశ్రయించెను. సైకిలు పెడళ్లను అమర్చి చూడగా, ఆయాసము లేకుండ తొక్కు మనిషి సుమారు 300 వోల్టుల పీడనమున 20 వాట్ల శక్తిని పుట్టింపగలడని తేలెను. పండ్లచక్రములను, భారచక్రమును లోహపు పెట్టెలో మూసి, పెడళ్లను మాత్రము వెలుపలనుంచి, బల్లక్రింద నేలకు మరలతో బిగించునట్లు పీఠము పోతపోయించెను.

అయస్కాంత క్షేత్రమున తీగచుట్ట తిరిగినచో అందు విద్యుత్తు పుట్టునని 1831లో ఫారడే కనుగొన్నదే యిందలి మూలసూత్రము. అయితే ఆ విద్యుత్తును వాడుకొన్నప్పుడెల్ల, అది తన్ను పుట్టించిన చలనమునే యెదిరించును. కావున మీట పైకి లేచియున్నంతసేపు తేలికగా తిరుగు పెడలు, మీట నొక్కినంతనే పాదముక్రింద బరువెక్కును. చుక్కకు క్షణకాలము, గీతకు మఱికొంతసేపు. ఈ కుదుపును భారచక్రము తన వేగముతో కొంత మింగివేయును. వార్తను మోయు తరంగపు పౌనఃపున్యము చలింపకుండ ప్రసారయంత్రములోని స్ఫటికము కాపాడును. నా దృష్టిలో ట్రేగర్ ప్రజ్ఞ పెడళ్లలో కన్న ఈ సర్దుబాటులోనే యెక్కువగా గలదు.

1929 జూన్‌లో ఆగస్టస్ డౌన్స్ అను పశుక్షేత్రమునుండి ఈ పెడలు యంత్రముతో తొలి వార్త వెడలెను. మోర్స్ సంకేతములు రానివారి కొఱకు, టైపు మిషను మీటలవంటి అమరికను కూడ ట్రేగర్ పిదప కల్పించెను.

నేడు మన కళాశాలలలో బృందములుగా గూడి సైకిలు జనరేటరు నిర్మింపబూను విద్యార్థులు, చవుకగా దొరకునని పాత కారు ఆల్టర్నేటరును తెచ్చి బిగించుట కలదు. దానికి మిక్కిలి వేగము కావలెను. తన అయస్కాంతమును మేల్కొల్పుకొనుటకే అది కొంత శక్తిని హరించును. శాశ్వతాయస్కాంతములు గల డి.సి. మోటారే మేలు. ఛార్జి చేయు బ్యాటరీనుండి విద్యుత్తు వెనుదిరిగి మోటారునే త్రిప్పకుండ నడుమ నొక డయోడు నుంచవలెను. ఆరోగ్యవంతుడైన మనిషి గంటసేపు నిలుకడగా నీయగలది 75 మొదలు 100 వాట్ల వఱకే. చక్రమునుండి మోటారును త్రిప్పు పట్టీలోను, మోటారులోను అందు కొంత నష్టమగును. కావున మిత్రులారా, ఏ దీపము వెలిగింపవలెనో, ఎవరు తొక్కుదురో మొదట నిశ్చయించుకొని, ఆ మీదట పనిముట్లు చేపట్టుడు.