పగిలిన మడమకు మైనపు మూత

ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గి, సంక్రాంతి దగ్గర పడేసరికి మా చిల్లకూరు పిల్లలకు ఒక ఆట దొరుకుతుంది. ముంజేతి మీద గోటితో గీస్తే పలక మీద బలపంతో రాసినట్టు తెల్లగా గీత పడుతుంది. మీరూ గీసుకుని చూసే ఉంటారు. పెద్దవాళ్ళకు మాత్రం ఇది ఆట కాదు. నాట్లు వేసి వచ్చిన అమ్మల మడమలు ఎండిన చెరువులా నెర్రెలు విచ్చి, అడుగు వేస్తే నెత్తురు చిమ్ముతుంది.

సముద్రం ఇంత దగ్గర ఉండగా చర్మం ఎండడమేమిటి? చల్లని గాలిలో నీటి ఆవిరి ఎక్కువగా ఇమడదు. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 30 గ్రాముల ఆవిరి ఇముడుతుంది. 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములే. అందుకే వెచ్చని చర్మంలోని తడి ఆ గాలిలోకి త్వరగా పోతుంది.

చర్మం పైపొర ఇటుకల గోడలాంటిది. మృతకణాలు ఇటుకలు, వాటి మధ్య కొవ్వు సున్నం. వేడినీళ్ళు, ఘాటు సబ్బు ఆ సున్నాన్ని కడిగేస్తాయి. రోజంతా బురదనీటిలో నానిన పాదానికి తడి ఎక్కువవుతుందనుకుంటాం. కాని తడిని పట్టి ఉంచే పదార్థాలే నీటిలో కరిగిపోయి, గట్టుకు వచ్చాక పాదం మునుపటికంటే ఎండిపోతుంది.

దీనికి ఇంట్లోనే లేపనం చేసుకోవచ్చు. కొబ్బరినూనె నాలుగు భాగాలు, తేనెమైనం ఒక భాగం తూచి, వేడినీళ్ళ గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించాలి. నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది. కాబట్టి ఈ పని పెద్దవాళ్ళు దగ్గరుండి చేయించాలి. మైనం ఎందుకంటారా? కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకే కరిగి, ఒంటి వేడికి జారిపోతుంది. తేనెమైనం కరగడానికి 62 డిగ్రీలైనా కావాలి. అందుకే ఆ మిశ్రమం మడమ మీద నిలుస్తుంది.

1859లో అమెరికాలోని టైటస్‌విల్ చమురు బావుల దగ్గర, పనివాళ్ళు యంత్రాలకు అంటిన జిడ్డును తమ గాయాలకు రాసుకోవడం రాబర్ట్ చీస్‌బ్రో అనే యువకుడు చూశాడు. దాన్ని శుద్ధిచేసి 1872లో పేటెంటు పొందాడు. అదే వ్యాజలీన్. రోజూ ఒక చెంచా తినేవాడనీ అంటారు. మీరు మాత్రం ఆ పని చేయకండి!

ఈ లేపనాలేవీ చర్మానికి నీళ్ళు పోయవు. ఉన్న తడి పోకుండా మూత వేస్తాయి, అంతే. గూడూరు నిమ్మకాయలు రెండు తెచ్చి, ఒకదానికి లేపనం రాసి, రెండింటినీ వారం రోజులు గాలికి ఉంచి తూచండి. ఏది ఎక్కువ బరువు తగ్గిందో మీకే తెలుస్తుంది. ఖాళీ కుండకు మూత పెట్టి ఏం లాభం? నేనూ ఏళ్ళ తరబడి ఎండు మడమకే రాసి, మైనాన్ని తిట్టుకున్నాను. కాళ్ళు పావుగంట నీళ్ళలో నానబెట్టి, మెల్లగా అద్ది, చెమ్మ ఉండగానే రాయాలి.

పగులు లోతుగా ఉండి చీము పట్టినా, చక్కెర జబ్బు ఉన్నవారికి మడమ పగిలినా లేపనంతో కాలయాపన చేయకూడదు. ఇంకొకటి. ఒంటి మీద ఒకచోట మాత్రమే రంగు తగ్గి, పొడిబారి, చెమట పట్టని మచ్చ ఉంటే కళ్ళు మూసుకుని దూదితో తాకించుకోండి. స్పర్శ తెలియలేదా? అది చలి చేసిన పని కాదు, కుష్ఠు కావచ్చు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సతో అది పూర్తిగా నయమవుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ మందులు ఉచితం. ఆలస్యమైతే మాత్రం నరాలు దెబ్బతింటాయి, పోయిన స్పర్శ చాలామందిలో తిరిగి రాదు.