సొమ్మసిల్లినవారికి తొలి నిమిషపు సాయం

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి తెలుగు కార్మిక కుటుంబాలు స్థిరపడిన పట్టణం బిలాస్‌పూర్. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైన ఈ పట్టణంలో వేసవి మిక్కిలి తీవ్రము. మే నెలలో ప్లాట్‌ఫారంపైనో, బుధవారి బజారులోనో, ఖరీఫ్ ఆరంభంలో ఎరువుల దుకాణం ముందు వరుసలోనో ఎవరైనా ఉన్నట్టుండి ఒరిగిపోవచ్చు. వెంటనే జనం మూగి, పడినవారిని లేపి కూర్చోబెట్టి, నోట్లో నీళ్లు పోస్తారు. సదుద్దేశంతో చేసే ఈ రెండు పనులూ హానికరమే.

కారణమేమి?

ఎండ, ఆకలి, ఒంట్లో నీరు తగ్గడం, ఎక్కువసేపు నిలబడటం వల్ల మెదడుకు రక్తప్రసరణ కొద్దిసేపు తగ్గుతుంది. మనిషిని పడుకోబెట్టినప్పుడు రక్తం మెదడుకు సులభంగా చేరుతుంది. కూర్చోబెడితే ఆ మేలు పోతుంది. స్పృహ లేనివారి నోట పోసిన నీరు ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదమున్నది.

చేయవలసినవి

1. నీడలో వెల్లకిల పడుకోబెట్టి, దెబ్బలేవీ లేకుంటే కాళ్లను సుమారు అడుగు ఎత్తున ఉంచవలెను.

2. బిగుతు దుస్తులు వదులు చేసి, జనాన్ని దూరంగా పంపి గాలి ఆడనివ్వవలెను.

3. తెలివి వచ్చిన పిమ్మట కొంతసేపు పడుకోనిచ్చి, మెల్లగా లేపవలెను. పూర్తిగా తేరుకున్న తరువాతనే మంచినీరు ఇవ్వవలెను.

చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం వల్ల ప్రయోజనం లేదు.

ఇది సాధారణ సొమ్మ కానప్పుడు

నిమిషంలోగా తెలివి రాకున్నా, ఛాతీనొప్పి ఉన్నా 108కు ఫోన్ చేయాలి. శ్వాస ఆడుతున్నవారిని ప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలి. శ్వాస ఆగితే ఛాతీ మధ్యభాగాన్ని నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కుతుండాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. అంబులెన్సు వచ్చేవరకు ఆగక ఒళ్లంతా చల్లని నీటితో తడిపి విసరాలి.

పురుగుమందు చల్లి వచ్చిన రైతుకు నోట చొంగ, విపరీతమైన చెమట, కంటిపాపలు చిన్నవగుట కనిపిస్తే విషప్రభావమని అనుమానించాలి. చేతికి తొడుగు వేసుకొని, తడిసిన బట్టలు తొలగించి, చర్మాన్ని సబ్బునీటితో కడిగి, మందు డబ్బాను లేబులుతో సహా ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. వాంతి చేయించరాదు.

డీలరు మిత్రులకు మనవి: వరుస నిలిచే చోట నీడ, ఒక బల్ల, కుండలో మంచినీరు ఏర్పాటు చేసి, గోడపై 108 అంకెను పెద్దక్షరాలతో వ్రాయించండి. దుకాణం ముందు పడిన రైతుకు వైద్యునికన్నా ముందు అందుబాటులో ఉండేది మీరే.